పిట్టకు పెట్టిన సీసా

మా బావ ఐలయ్య పోయిన పదో రోజున ధర్మసాగర్ చెరువు కట్ట కింద పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడి చూడడం మా దిక్కు పద్ధతి. బొచ్చె చేప పులుసు, జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు, ఒక బీడీ కట్ట పెట్టారు. ఎండ నెత్తి మీదికి వస్తోంది. అంతా అయిందనుకునేసరికి బావ తమ్ముడు చేతిసంచిలో నుంచి ఒక విస్కీ క్వార్టర్ సీసా తీసి మా అక్క సరోజన చేతిలో పెట్టాడు. "దీనికోసం చెయ్యే పోగొట్టుకున్నడు. ఇయ్యాలన్న నిమ్మళంగ తాగనియ్యి వదినా" అన్నాడు. ఎవరూ నవ్వలేదు, కాని అందరూ తలలూపారు. అక్క మూత తిప్పి, సీసాను మట్టి ముంతలోకి వంచి, ముంతను విస్తరి పక్కన పెట్టింది. ఆ పని చేస్తున్నప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. ఇన్నేండ్ల కోపాన్ని ఆ ముంతలో పోసి మొగుణ్ణి క్షమించినట్టే ఉంది.

మా బావ బుద్ధెరిగిన నాటి నుంచి పోయేదాకా చుక్క ముట్టలేదు. మా ఊళ్లో ఆ సంగతి రుజువుగా తెలిసినవాళ్లం ఇద్దరమే. ఒకడు కాటికి పోయాడు. రెండోవాణ్ణి నేను, ఆ గుంపులో మూడో వరుసలో, నెత్తిన తువ్వాల కప్పుకొని నిలబడి ఉన్నాను. కాకి చాలాసేపు రాలేదు. క్వార్టర్ సరిపోనట్టున్నది, హాఫ్ తేకపోతిరి అని ఒక ముసలాయన అంటే ఈసారి కొందరు నవ్వారు. చివరికి ఒక కాకి వచ్చి చేప ముక్క తన్నుకుపోయింది. ముంత దిక్కు చూడలేదు. అందులో ఏదో దైవలీల ఉందని రాయబోను, కాకి ఏనాడూ సారా ముట్టదు. నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు.

ఇంటికి వచ్చాక బావ బిడ్డ స్వప్న నన్ను పక్కకు పిలిచి, వాళ్ల నాయిన రేకు పెట్టెలో దొరికిందని ఒక ఫొటో ఇచ్చింది. రంగులు సగం పోయిన ఫొటో. పడవ అంచు మీద కూర్చుని బావ నవ్వుతున్నాడు. ఒడిలో మూడడుగుల చేప, దానికి ఎత్తైన నుదురు, కత్తిలాంటి ఒళ్లు. ఏం చేప అని అడుగుతుందనుకున్నాను. ఆమె చూపుడు వేలితో చేప తోక మీద ఉన్న చేతిని చూపించింది. "నాయిన చెయ్యి గిట్లుండేనా మామా?" అంది. ఆ బిడ్డకు ఊహ తెలిసేనాటికి వాళ్ల నాయిన కుడిచేతికి ఉన్నవి బొటనవేలు, చిటికెన వేలు మాత్రమే. ఆ చేతికి అయిదు వేళ్లను ఆమె చూడడం అదే మొదటిసారి. నేను ఊఁ అని, ఫొటో జేబులో పెట్టుకొని బస్సెక్కాను.

హన్మకొండలో నాకు వలలు, గాలాలు అమ్మే దుకాణం ఉంది. రోజూ అందులో కూర్చుని ఇది రాస్తున్నాను. స్వప్న చదువుకున్నది, ఇది చదువుతుంది. అందుకని ముందునుంచీ చెప్పాలి.

మా ఇల్లు చెరువు వాసన వేసే ఇల్లు. తడి వల, చేప పొలుసు, వేపచెక్క పొగ, అన్నీ కలిసిన వాసన. అమ్మ పొద్దున్నే గంప నెత్తిన పెట్టుకొని కాజీపేట పోయి అమ్మి, మధ్యాహ్నానికి తిరిగొచ్చి, మిగిలిన చేపలకు ఉప్పు రాసి కర్రల గడంచె మీద ఎండబెట్టేది. తాత ఎప్పుడూ గోడకు ఆనుకుని, కాలి బొటనవేలికి వల కొస తగిలించుకొని దాని తెగిన కండ్లు అల్లుతుండేవాడు. నాయిన సాయంత్రం తెప్ప ఒడ్డుకు లాగి ఇంటికొచ్చేవాడు. అప్పుడు మా ఇంట్లో ఒక తంతు జరిగేది. అమ్మ గడప లోపల నిలబడేది, నాయిన గడప బయట. "ఏదీ, నోరు తెరువు" అనేది అమ్మ. నాయిన తెరిచి ఊదేవాడు. వాసన రాకపోతే అన్నం వడ్డించిన తల్లె బయటికి వచ్చేది. వాసన వస్తే తల్లె రాదు. కల్లు తాగడం మా వాడలో తప్పు కాదు, పండుగకు ఆడవాళ్లూ తాగేవాళ్లు. అమ్మకు కల్లు మీద పగ లేదు, నీళ్ల మీదికి తాగి పోవడం మీదే ఆమెకు భయం. ఆ భయం ఒట్టిది కాలేదు. ఒక ఎండాకాలం నాయిన పొద్దున్నే తాటివనం మీదుగా చెరువుకు పోయాడు. తెప్ప ఖాళీగా ఒడ్డుకొచ్చింది.

అక్క అప్పటికి పెండ్లీడు పిల్ల. సంబంధం వచ్చినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, పిల్లగాడు తాగుతాడా అని. మా మేనత్త కొడుకే కాబట్టి ఐలయ్య బావ ఎదురుగా కూర్చొని ఉన్నాడు. ఆయన లేచి చెరువు దాకా పోయి, దోసిట్లో నీళ్లు పట్టుకొచ్చి, సగం కారిపోగా మిగిలినవి అక్క ముందు నేల మీద పోసి, ముట్టనని ఒట్టేశాడు. అందరూ ఎగతాళి చేశారు, ఇంట్లో కుండ లేదా ఐలయ్యా, అంత దూరం పోయినవని. ఆ ఒట్టు వేసినా తంతు మాత్రం తప్పలేదు. పెండ్లయ్యాక, అమ్మ నిలబడిన చోట అక్క నిలబడడం మొదలుపెట్టింది. బావ దాన్ని పరాచికంలా తీసుకునేవాడు. నోరు బారెడు తెరిచి, "పండ్లు గూడ లెక్కపెట్టుకో పిల్లా" అనేవాడు.

వరసగా రెండేండ్లు వానలు లేక చెరువు అడుగంటింది. అప్పుడే ఒక ఏజెంటు మస్కట్‌లో పడవల మీద పనికి చేపలు పట్టేవాళ్లు కావాలని వచ్చాడు. మేం చేపలు పట్టేవాళ్లమే. ఏ నీళ్లలో అని ఆయన అడగలేదు, మేం చెప్పలేదు. బావ మాత్రం ఎవరూ అడగకుండానే "నీళ్లు నీళ్లే గద సార్" అన్నాడు. మొదటి రోజు పడవ మీద, చెరువులో చేసినట్టే దోసిలితో నీళ్లు తీసుకొని నోరు పుక్కిలించబోయి, ఉమ్మేసి, నా దిక్కు చూసి, నీళ్లు నీళ్లు కావురా అన్నాడు. వారం రోజులు ఇద్దరం కక్కుకున్నాం.

అవి జాలరి పడవలు కావు. తెల్లదొరలు, అరబ్బులు, సరదాకు చేపలు పట్టడానికి నలుగురైదుగురు కలిసి ఒక పూటకు పడవ కట్టించుకునేవాళ్లు. ఎండాకాలం మొదలయ్యాక వాళ్లందరికీ ఒకే చేప కావాలి. దొరలు డాల్ఫిన్ ఫిష్ అనేవాళ్లు, డాల్ఫిన్ కాదు, చేపే. కెప్టెన్ మాహి అనేవాడు. మేమిద్దరం మాలో మేం పసుపు చేప అనుకునేవాళ్లం. సముద్రం మీద ఎక్కడైనా దుంగో, తెగిపోయిన వల ముక్కో తేలుతుంటే దాని నీడన గుంపుగా ఉంటుంది. నీళ్లలోంచి ఎగిరినప్పుడు బంగారం, వీపు మీద నెమలి ఆకుపచ్చ, పక్కల నీలి చుక్కలు. "పెండ్లిపిల్ల లెక్కున్నది రాజిగా" అన్నాడు బావ మొదటిదాన్ని చూసి. పడవలో పడ్డాక మా కళ్ల ముందే ఆ రంగులు ఒకటొకటిగా దిగిపోయి, మా చేతుల్లో బూడిద రంగు చేప మిగిలింది. బావ నవ్వు ఆపి, పసుపు కడిగినట్టు పాయెనే అన్నాడు. ఆ తర్వాత ఎన్ని పట్టినా చచ్చేటప్పుడు వాటి దిక్కు చూసేవాడు కాదు. ఫొటోలో ఉన్నది బతికి ఉన్న చేప. రంగు ఉన్నప్పుడే తియ్యమని ఒక దొరను బతిమాలి తీయించుకున్నాడు.

ఆ చేపకు ఒక గుణం ఉంది. గుంపులో ఒకటి గాలానికి పడితే, దాన్ని వెంటనే పైకి లాగకుండా పడవ పక్కన నీళ్లలోనే ఉంచితే, మిగతావి దాన్ని వదిలి పోవు. దాని చుట్టే తిరుగుతుంటాయి. అతిథులు వాటిని ఒక్కొక్కటిగా పడతారు. కాబట్టి మొదటి చేపను గాలానికి కట్టిన తీగతో పడవ పక్కన ఆపి పట్టుకోవడం ఒకరి పని. కెప్టెన్ మొదటి రోజే హిందీలో చెప్పాడు, తీగను వేళ్ల మధ్య పట్టుకోవాలి, ఎంత బరువైనా చేతికి చుట్టుకోవద్దు, ఇది ఒక్కటి గుర్తుంటే చాలని. ఇద్దరం తలలూపాం.

కాని మా చెయ్యి నేర్చుకున్నది ధర్మసాగర్‌లో. మా చెరువులో పెద్ద వాలుగ చేప గాలానికి పడితే ఎగరదు, పరుగెత్తదు, అడుగుకు పోయి బురదలో మొండిగా కూర్చుంటుంది. గంటైనా రెండు గంటలైనా దాన్ని అట్లా పట్టుకొనే ఉండాలి. దానికి తాత నేర్పిన ఉపాయం, అరచేతికి తడి గుడ్డ చుట్టి, దాని మీద గాలపు తాడు రెండు చుట్లు వేయడం. చెయ్యి నొప్పి పెట్టదు, తాడు జారదు. నాకు ఏడెనిమిదేండ్లప్పుడు ఆయన నా చేతికి గుడ్డ చుట్టి, తాడు తన కాలికి కట్టుకొని లాగి మరీ నేర్పాడు. ఆ నేర్పు మా అరచేతుల్లోనే ఉంది, తల అడిగేదాకా ఆగదు.

ఆ రోజు ఎండకు పడవ అంచు ముట్టుకుంటే కాలేది. తేలుతున్న తాటిదుంగ కింద మంచి గుంపు దొరికింది. మొదట పడ్డది పెద్ద పోతు చేప. దాన్ని పట్టుకొనే పని నాది. అతిథులు అరుస్తూ, ఒకరి తర్వాత ఒకరు లాగుతున్నారు. బావ వాళ్ల చేపలను గాలాల నుంచి విడిపిస్తున్నాడు. చాలాసేపు నా చేప కదలకుండా ఉంది. చేతులు తిమ్మిరెక్కాయి. నేను మెడలోని తువ్వాల నీళ్లలో ముంచి, అరచేతికి చుట్టుకొని, దాని మీద తీగ రెండు చుట్లు వేశాను. వేస్తున్నానని నాకు తెలియలేదు. చేప పడవ వెనక్కి పోయింది. అదే సమయంలో కెప్టెన్ వెనక్కి చూడకుండా ఇంజన్ వేశాడు. తీగ పడవ అడుగున తిరిగే రెక్కలకు చిక్కింది.

నేను పడవ అంచు మీదికి సగం లేచిపోయాను. బావ ఎట్లా వచ్చాడో తెలియదు. నా చేతికీ తీగకూ మధ్య తన వేళ్లు దోపి, పీకాడు. నా చెయ్యి తువ్వాలతో సహా జారి బయటపడింది. ఆయన చేతికి తువ్వాల లేదు.

ఇంజన్ ఆగాక నేను చూసింది తువ్వాలను. పడవలో, అతిథుల బీరు డబ్బాలు దొర్లిన చోట, అప్పుడే ఉతికినట్టు తెల్లగా పడి ఉంది. బావ ఆ బీరులోనే పడ్డాడు. చొక్కా అంతా తడిసింది. దవాఖానలో ఆ చొక్కా వాసనే అందరికీ పనికొచ్చింది. చూడకుండా ఇంజన్ వేసింది కెప్టెన్, చేతికి తీగ చుట్టుకున్నది నేను. ఇద్దరి తప్పూ పోవాలంటే ఒకడు తాగి ఉండాలి. బావ తాగి ఉన్నాడని కంపెనీ వాళ్లు కాగితం రాశారు. సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నారు. లేకపోతే ఇద్దరినీ కలిపి ఇంటికి పంపుతామన్నారు. నేను బావ మంచం దగ్గరికి పోయి ఏడ్చాను. ఆయన కట్టు వేసిన చెయ్యి ఛాతీ మీద పెట్టుకొని, పైకప్పు దిక్కు చూస్తూ మాట్లాడాడు.

"సంతకం పెట్టు రాజిగా. చెయ్యి ఎట్లనన్న పోయింది, నీ పనెందుకు పోవాలె. లోకం ఏమన్న అనుకోని. గని సరోజనకు మాత్రం నువ్వు చెప్పాలె. నేను చెప్తే సాకు అనుకుంటది."

చెప్తానన్నాను. ఆ మాట కూడా ఒక ఒట్టే.

మా గదిలో ఉండే నర్సంపేట మనిషి ఒకాయన నా కంటే ముందే ఊళ్లోకి ఫోన్ చేసి, కాగితంలో ఉన్న మాటే చెప్పాడు. మర్నాడు నేను చేసేసరికి, ఊళ్లోని ఎస్‌టీడీ బూత్‌లో పసిబిడ్డ స్వప్నను ఎత్తుకొని అక్క కూర్చొని ఉంది. పిల్ల ఏడుపు నాకు వినబడుతూనే ఉంది. చెయ్యి ఎట్లుందని అడగలేదు అక్క. మొదటి మాటే, "తాగిండారా?" అంది. నా వెనక ఎవరూ లేరు. కెప్టెన్ లేడు, కంపెనీ మనుషులు లేరు. నన్ను ఎవరూ బెదిరించలేదు. లేదక్కా అంటే, మరెట్ల అని అడుగుతుంది. అడిగితే నా తువ్వాల, నా చెయ్యి, నా బాగున్న అయిదు వేళ్లు చెప్పాలి. నాయిన పోయిన ఇంట్లో, నన్ను ఎత్తుకొని పెంచిన అక్కకు.

"జర తాగిండక్కా" అన్నాను.

ఆ జర అనే మాట ఎందుకు కలిపానో ఇప్పటికీ అర్థం కాదు. అబద్ధాన్ని చిన్నది చేద్దామనుకున్నానేమో. అది ఇంకా నమ్మదగ్గదయింది. తాగిండు అంటే అక్క అనుమానపడేదేమో. జర తాగిండు అంటే ఎవరికైనా తమ్ముడు బావను కాపాడుతున్నట్టే వినబడుతుంది.

బావ ఇంటికి పోయాడు. ఒకసారి చెప్పుకున్నాడని, అక్క నమ్మలేదని తర్వాత అమ్మ ద్వారా తెలిసింది. రెండోసారి చెప్పుకోలేదు. నేను నాలుగేండ్లు అక్కడే పనిచేసి వచ్చాను. అప్పటికి చెరువు నిండింది, బావ మాత్రం వల విసరలేడు. కట్ట మీద కూర్చొని కాటా దగ్గర చేపలు తూచేవాడు. అన్నం చెంచాతో తినేవాడు. ఎడమచేత్తో తినడం చూడలేక జనం ముఖాలు తిప్పుకుంటారని పెండ్లిళ్లలో బంతికి కూర్చోవడం మానేశాడు, ఆ తర్వాత పెండ్లిళ్లకే పోవడం మానేశాడు. నేను వస్తే లేచి మంచం వాల్చేవాడు. ఏరా బామ్మర్దీ, సముద్రమంతా తోడుకొచ్చినవా అని ఎప్పటి పరాచికమే ఆడేవాడు. చెప్పినవా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండేది. అడగకపోవడం వల్ల నాకు రేపు, ఎల్లుండి, వచ్చే పండుగ అని గడువులు దొరికాయి.

సాయంత్రం గడప దగ్గర తంతు మాత్రం మానలేదు. మునుపటిలా పరాచికం లేదు. అక్క నోరు తెరువు అనకుండానే ఆయన తెరిచేవాడు. ఆమె దగ్గరికొచ్చి వాసన చూసి, లోపలికి పోయి తల్లె తెచ్చేది. నేను ఉన్న రోజుల్లో కూడా అంతే. అట్లా నోరు తెరిచి నిలబడ్డప్పుడు బావ నా దిక్కు చూస్తాడని భయంగా ఉండేది. ఆయన చెరువు దిక్కు చూసేవాడు. మునుపు మా అమ్మ చూసిన వాసన ఒక మనిషిని బతికించుకోవడానికి చూసినది. అక్క చూసినది కూడా అట్లాగే మొదలైంది. నా ఒక్క మాటతో అది రోజువారీ శిక్ష అయింది.

ఇప్పుడు చెరువు మీద పట్నం పిల్లలు సెలవు రోజుల్లో పడవ మాట్లాడుకొని, రంగురంగుల రీళ్లతో చేపలు పడుతున్నారు. ఆ రీళ్లు, తీగ కొనేది నా దగ్గరే. కొన్నవాడికల్లా చేతికి మాత్రం చుట్టుకోవద్దు బిడ్డా అని చెప్తాను. వాళ్లు నవ్వి, గ్లౌజులున్నయి అంకుల్ అంటారు. ఎన్ని వందల మందికి చెప్పానో. చెప్పాల్సిన ఒక్క మనిషికి చెప్పలేదు.

ఫొటో జేబులో పెట్టుకొని పదిహేను రోజులు తిరిగాను. పోయిన వారం ఒక మధ్యాహ్నం బస్సు దిగి అక్క ఇంటికి పోయాను. స్వప్న అత్తగారింటికి పోయింది. అక్క గడప లోపల కూర్చొని, చిన్న సుత్తెతో చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. నేను గడప బయట మెట్టు మీద కూర్చొని మొత్తం చెప్పాను. తాత నేర్పిన తడి గుడ్డ నుంచి, జర అన్న మాట దాకా. ఆమె సుత్తె ఆపలేదు. నేను ఆగినప్పుడు కూడా నాలుగు కాయలు కొట్టింది. ఆ తర్వాత అడిగింది.

"ఆయన నిన్ను చెప్పుమన్నడా?"

"చెప్పుమన్నడక్కా."

"నాకు?"

"నీకొక్కదానికే."

ఆమె ఒళ్లోని చింతపొట్టు దులుపుకుంది. తిడుతుందని, ఏడుస్తుందని, చేతిలో సుత్తె విసురుతుందని, అన్నిటికీ సిద్ధపడే వచ్చాను. ఆమె తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు మెల్లగా అంది. "ఒక్కనాడన్న వాసన రాలే. లవంగాలు నములుకొని వస్తాండనుకున్న. అంగీ జేబులు ఎతికేదాన్ని. లవంగాలు గూడ దొరకలే. దొరకకపోతే, ఎంత జాగర్త చేస్తాండు అనుకున్న." సుత్తె పక్కన పెట్టి, "ఇప్పుడు నేను ఎవలకు చెప్పుకోవాలెరా" అంది.

జేబులోంచి ఫొటో తీసి గడప మీద పెట్టాను. ఆమె దాని దిక్కు చూడలేదు. లేచి, గడప దాకా వచ్చి, నా ముందు నిలబడింది. నేనూ మెట్టు దిగి నిలబడ్డాను.

"నోరు తెరువు" అంది.

తెరిచాను. ఆమె ముఖం దగ్గరికి తెచ్చి ఊపిరి పీల్చింది. ఇన్నేండ్లలో మొదటిసారి వాసన రావాలని, తమ్ముడు తాగి వచ్చి వాగుతున్నాడని తేలితే చాలని ఆమె కళ్లలో ఉంది. నేను కూడా ఆ ఒక్క క్షణం తాగి వచ్చి ఉంటే బాగుండుననుకున్నాను. నా నోట్లో పొద్దున తాగిన చాయ వాసన తప్ప ఏమీ లేదు. ఆమె వెనక్కి తిరిగి లోపలికి పోయింది. వాసన రాకపోతే తల్లె బయటికి రావడం మా ఇంటి పద్ధతి. బావ నిలబడే చోట, ఆయన లెక్కనే చెరువు దిక్కు చూస్తూ నిలబడ్డాను. లోపల సుత్తె చప్పుడు మళ్లీ మొదలైంది.